మా వారు ఒప్పుకోవడం లేదు

పోయిన వారం మైనమ్మను మేనేజరమ్మ గదిలో కుర్చీ అంచున కూర్చోబెట్టి వదిలేశాం. కొత్తగా వచ్చి చేరిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అది కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబు. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల మీద మైనం పోసి, వేడి కత్తితో చిగుళ్ళు చెక్కి, అందులో ఒక్కొక్క పన్నూ నిలబెట్టడం ఆమె పని. ఆ పనితోనే అందరికీ మైనమ్మ అయింది. ఎనిమిదింటికి వస్తుంది, ఒంటిగంటకి వెళ్ళిపోతుంది. అరపూట ఉద్యోగం. గంట లెక్కన చూస్తే ఫుల్‌టైమ్ వాళ్ళకన్నా కాస్త ఎక్కువే వస్తుంది గానీ ఇన్సూరెన్స్ లేదు, జీతంతో సెలవు లేదు, రేపు ముసలైతే పెన్షన్ లేదు. ఫుల్‌టైమ్ వాళ్ళకి అవన్నీ ఉన్నాయి, ఇన్సూరెన్స్ అయితే ఇంటిల్లిపాదికీ.

ఒక ఫుల్‌టైమ్ చోటు ఖాళీ అయింది, నాలుగింటికల్లా ఓనరుకి పేరు పంపాలి, నువ్వు చేరతావా అని మేనేజరమ్మ అడిగింది. "ఇంట్లో అడిగి చెప్తాను మేడమ్" అంది మైనమ్మ. అడిగే ఉద్దేశం ఆమెకు లేదు. అలా అనడం ఆమెకు ఇది మొదటిసారీ కాదు.

ఆ మాట అనేసి తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి, ముందు గదిలో బెంచీ మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు.

కోల్డ్ స్టోరేజీలో వేసుకునే మందపాటి కోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉన్ని టోపీ రెండు చేతుల మధ్యా నలుగుతోంది. ఆ వేళకి అతను గడ్డకట్టే చలిలో పెట్టెలు ఎత్తుతూ ఉండాలి. పదమూడేళ్ళుగా పనిరోజు ఒంటిగంటకి అతను మరోచోట ఉండి ఎరగడు.

మైనమ్మ గబగబా బెంచీ దగ్గరికి వచ్చింది. "ఏమైందండీ? పిచ్చుకకి బాగానే ఉందా?"

పిచ్చుక వాళ్ళ కూతురు. పన్నెండేళ్ళది. ఏడో ఏట చక్కెర జబ్బు బయటపడింది. అప్పటినుంచి రోజుకి నాలుగు ఇన్సులిన్ సూదులు పడితే గానీ ఆ పిల్లకి పూట గడవదు.

"దానికేం, బళ్ళో ఉంది. మీ మేడంతో ఒక్క మాట మాట్లాడి పోదామని వచ్చాను."

"నాతో చెప్పకుండానా?"

"చెప్తే రావొద్దంటావుగా."

లోపల పాలిష్ మిషన్ టక్కున ఆగింది. ఆ మిషన్ దగ్గర కూర్చునే పాలిష్ అక్క ముఖానికున్న గుడ్డ కిందికి లాగి, పక్కనున్న ప్లాస్టర్ కలిపే మనిషి చెవిలో అంది. గుసగుసే గానీ గది మొత్తానికీ వినిపించింది.

"హుకుం గారు! హుకుం గారొచ్చారోయ్!"

ఆ పేరు పెట్టింది పాలిష్ అక్కే. పెళ్ళాన్ని సగం రోజే పనికి పంపే మొగుడికి అంతకన్నా తగిన పేరు లేదని అందరూ ఒప్పుకున్నారు. రెండేళ్ళుగా మైనమ్మ అంటే వాళ్ళకి అదో జాలి. టీ ఆమెకే ముందు పోసేవారు. సెలవు అడిగితే ఎవరూ ఎందుకని అడిగేవారు కాదు. ఇప్పుడు తీరా చూస్తే హుకుం గారు బక్కపలచని మనిషి. బెంచీ మీద కూడా సగం చోటులోనే సర్దుకుని కూర్చున్నాడు. పాలిష్ అక్క కళ్ళలో కొంచెం నిరాశ కనిపించింది.

మైనమ్మ అతని చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోదామనుకుంది. ఈలోగా మేనేజరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"మీరేనా ఈమె భర్త? రండి. నేనూ మిమ్మల్ని ఒకసారి చూడాలనే అనుకుంటున్నాను."

గదిలో రెండే కుర్చీలు. అతను కూర్చోలేదు. మైనమ్మ తలుపుకి ఆనుకుని నిలబడింది. తేలు కుట్టిన దొంగ పరిస్థితి ఆమెది. అరవడానికి లేదు, నిమ్మళంగా ఉండటానికీ లేదు.

"మేడమ్, మా ఆవిడ ఆరేళ్ళ నుంచి మీ దగ్గర చేస్తోంది" అని మొదలుపెట్టాడు అతను. దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చిన మాటలని వినగానే తెలిసిపోతోంది. "చేతిలో పనితనం ఉందని మీరే మెచ్చుకున్నారట, ఇంట్లో చెప్పింది. దయచేసి తనకి ఫుల్‌టైమ్ ఇప్పించండి. జీతం మీరెంతంటే అంత. ఇన్సూరెన్స్ ఉంటే చాలు. ఇన్నాళ్ళూ ఇవ్వలేదని నాకేం నిష్ఠూరం లేదండీ, మీ ఇబ్బందులు మీకుంటాయి. కానీ ఇప్పుడు మాకు చాలా అవసరం పడింది."

మేనేజరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మేము ఇవ్వలేదా?"

"అదేనండీ, ఖాళీలు లేవని..."

ఆవిడ బీరువా తెరిచి, ఒక ఫైలు తీసి, అందులోంచి ఒక కాగితం అతని ముందుకి నెట్టింది.

"చదవండి. చదువు వచ్చనే అనుకుంటున్నాను."

మైనమ్మకి ఆ కాగితం చూడకుండానే కంఠతా వచ్చు. రెండేళ్ళ కిందట, ఇదే గదిలో, ఇదే బల్ల మీద రాసింది. *పూర్తికాలం పనిచేయడానికి మా వారు ఒప్పుకోవడం లేదు. దయచేసి నన్ను అరపూట పనిలోనే కొనసాగించగలరు.* కింద సంతకం.

అతను అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివాడు. చలికి ఆ వేళ్ళ చివర్లు చీలి, చీలికల్లో నల్లటి గీతలు పడ్డాయి. ఒకసారి చదివాడు. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి చదివాడు. మైనమ్మ ఆ వేలు వంకే చూస్తోంది. ఆ వేలు సంతకం దగ్గర ఆగింది. ఇక ఇప్పుడు తలెత్తుతాడు, నా వంక చూస్తాడు, అయిపోయింది అనుకుంది.

అతను ఆమె వంక చూడలేదు.

"అవునండీ" అన్నాడు మేనేజరమ్మతో. "నేనే వద్దన్నాను. అప్పట్లో బుద్ధి లేక."

"ఇప్పుడు వచ్చిందా?"

"వచ్చిందండీ."

"ఆడవాళ్ళ బతుకుల మీద ఇంత తేలిగ్గా పెత్తనం చేస్తారే! రెండేళ్ళు. రెండేళ్ళ పెన్షన్ పోయింది ఈవిడకి, తెలుసా మీకు?"

"తప్పేనండీ" అన్నాడు అతను, టోపీ నలుపుతూ.

మైనమ్మ నోరు తెరిచింది. మాట పెగల్లేదు. పెగల్లేదా, పెగల్చలేదా అన్నది ఆ తర్వాత ఎన్నిసార్లు తరచి చూసుకున్నా ఆమెకే తేలలేదు. తేలిందల్లా ఒకటే. తన మొగుడు పరాయి మనిషి ముందు చేయని తప్పుకి తల వంచుకుంటుంటే, తను తలుపు గడియ పట్టుకుని నిలబడింది.

బయటికి వచ్చాక అతను వెనక్కి చూడకుండా రోడ్డు దాటి బస్టాపులోకి నడిచాడు. రేకు కప్పు కింద ఇద్దరే. ఒక బస్సు వచ్చింది, పోయింది. అది అతను ఎక్కాల్సిన బస్సే.

"ఏవండీ, నన్ను తిట్టండి" అంది మైనమ్మ.

"ఖాళీలు లేవన్నావు."

"అన్నాను."

"అక్కడేమో నేను ఒప్పుకోనని రాశావు."

"రాశాను."

"ఒక్క నోటితోనే రెండు చోట్లా!" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోతున్నట్టున్నాడు. "అసలు నాకెందుకు తట్టలేదో చూడు. పదమూడేళ్ళ కాపురం."

ఆమెకు రెండేళ్ళ కిందటి ఒక సాయంత్రం కళ్ళకి కట్టింది. భోజనాల బల్ల మీద అతను పిచ్చుక నోటుబుక్కులోంచి చింపిన కాగితం పెట్టుకుని, నడిమధ్య ఒక గీత గీశాడు. ఒకవైపు కోల్డ్ స్టోరేజీ, ఇంకోవైపు డ్రైవింగ్ స్కూలు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పే పని, రోజుకి ఐదు గంటలు, ఎండలో, మనుషుల మధ్య. అతనికి బండి నడపడమంటే ప్రాణం. జీతం కాస్త తగ్గినా సర్దుకోవచ్చని తేల్చాడు. ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోయింది. "నీకు గనక మీ ల్యాబులో ఫుల్‌టైమ్ దొరికితే నేను ఈ చలిలోంచి బయటపడతానే" అన్నాడు. సరిగ్గా పది రోజులకి ల్యాబులో అడిగారు. ఆమె ఇంటికొచ్చి, ఖాళీలు లేవట అంది. అతను ఆ కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి, మర్నాడు పొద్దున్నే టోపీ పెట్టుకుని చలిలోకి పోయాడు.

"ఎందుకు?" అన్నాడు అతను ఇప్పుడు.

ఆమె రోడ్డు వంక చూసింది.

"ఇంకెవరైనా ఉన్నారా?"

"అయ్యో, ఛ! అదేం మాటండీ!"

"మరేంటి? మధ్యాహ్నాలు ఇంట్లో ఉంటున్నావనుకున్నాను. ఉండటం లేదా?"

"ఈతకి పోతున్నాను."

అతనికి అర్థం కాలేదు. "ఎక్కడికీ?"

"ఈత కొలనుకి. పెద్ద క్లినిక్ వెనకాల ఉంది. మూడింటి నుంచి నాలుగింటిదాకా ఆడవాళ్ళకి." చెప్తుంటే ఆ మాటలు ఆమె చెవికే వెర్రిగా వినిపించాయి. పరాయి మగాడని చెప్పినా ఇంత సిగ్గు ఉండేది కాదేమో, కనీసం లోకం గుర్తుపట్టే తప్పు అయ్యేది. "ఒకరోజు క్లినిక్‌లో పళ్ళ సెట్టు ఇచ్చి వస్తూ చూశాను. నెల రోజులు మెట్ల మీద కూర్చుని ఊరికే చూశాను. తర్వాత దిగాను. అక్కడ నన్ను ఎవరూ నంబరు అడగరు. పొద్దున లేస్తే పిచ్చుక షుగర్ ఎంత, అన్నానికి ముందు ఎంత, పడుకునేటప్పుడు ఎంత... నీళ్ళలో తల ముంచితే ఏదీ వినపడదు. దానికి అలవాటు పడిపోయాను."

అవతల పక్క పాలిష్ మిషన్ మళ్ళీ మొదలైంది. ఇక్కడికి సన్నగా వినిపిస్తోంది.

"ఈత వచ్చా నీకిప్పుడు?"

"వచ్చు."

"బాగానా?"

"ఆ చివరి నుంచి ఈ చివరికి, ఆగకుండా పన్నెండుసార్లు."

అతను తల ఊపాడు. క్షణం సేపు అతని ముఖంలో కోపం కానిదేదో మెదిలింది. వెంటనే అదీ పోయింది.

"నన్ను అడిగితే వద్దనేవాడినా?"

ఆమె భయపడుతూ వచ్చిన ప్రశ్న అదే.

"అనేవారు కాదు" అంది. "సరే పో అనేవారు. అని, మీరు చలిలోకి పోయేవారు. అది తెలిసి నేనెలా ఈదను? మీరు వద్దన్నారని నలుగురూ అనుకుంటుంటే, నాకు అక్కడ హాయిగా ఉండేది. మీరు చెడ్డవాళ్ళయితే నాకు బరువు తెలిసేది కాదు."

ఇంతకాలం తనకి తాను కూడా చెప్పుకోని మాట అది. చెప్పాక ఇంకేం మిగల్లేదు. చీర కొంగు చివరని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"చూడు" అన్నాడు అతను. "అక్కడ నేను నెత్తిన వేసుకున్నది మంచితనం అనుకునేవు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు మా ఆవిడ అబద్ధాలకోరు అనిపించుకోవడం నాకు నచ్చలేదు, అంతే. నాకు కోపంగానే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనంత ఉంది."

కోటు జేబులోంచి ఒక మడత కాగితం తీసి ఆమెకిచ్చాడు. కోల్డ్ స్టోరేజీ నోటీసు. వచ్చే నెల మొదటి తారీఖు నుంచి పెట్టెలు ఎత్తేవాళ్ళందరినీ అరపూట పనిలోకి మారుస్తున్నారు. గంట కూలి కొంచెం పెంచుతారట. ఇన్సూరెన్స్ ఈ నెలాఖరుతో సరి.

"ఇంకా తొమ్మిది రోజులుంది. తర్వాత పిచ్చుక ఇన్సులిన్‌కి మనకి ఏ ఆధారమూ లేదు. అందుకే వచ్చాను, ఆమె కాళ్ళయినా పట్టుకుందామని." బస్సు కనపడుతోంది. అతను టోపీ తలకి పెట్టుకున్నాడు. "వెళ్ళి సంతకం పెట్టు. మా వారు ఒప్పుకున్నారని చెప్పు. నేనెలాగూ చెడ్డవాడినయ్యాను, దానితో పని జరిగిపోతుంది."

బస్సెక్కి, ఇటువైపు కిటికీ ఖాళీగా ఉన్నా అటువైపు సీట్లో కూర్చున్నాడు.

బస్సు పోయాక చాలాసేపు ఆ రేకు కప్పు కిందే కూర్చుండిపోయి, మైనమ్మ ల్యాబుకి తిరిగి వచ్చేసరికి మూడు దాటింది. గుమ్మంలోనే పాలిష్ అక్క ఎదురొచ్చి భుజం తట్టింది.

"దిగొచ్చాడా హుకుం? ఇన్నాళ్ళకి నీ పంట పండిందే తల్లీ! చూస్తే ఈగని కూడా తోలలేడనిపిస్తాడు గానీ, అలాంటోళ్ళనే నమ్మకూడదు."

మైనమ్మ ఆ చేతిని తప్పించుకుని లోపలికి పోయింది.

మేనేజరమ్మ సంతోషంగా తెల్లకాగితం, పెన్నూ ముందు పెట్టింది. "పాత ఉత్తరం ఫైల్లో ఉంది కాబట్టి కొత్తది కావాలి. రెండు ముక్కలు చాలు. *ఇప్పుడు మా వారు ఒప్పుకున్నందున నేను పూర్తికాలం పనిలో చేరడానికి సిద్ధంగా ఉన్నాను.* అంతే. ఓనరుకి పంపేస్తాను. రేపటినుంచి నువ్వు ఫుల్‌టైమ్."

"రేపటినుంచేనా మేడమ్?"

"రేపటినుంచే. మీ ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ కూడా."

ఒక్క వాక్యం. ఆ వాక్యం రాస్తే పిచ్చుకకి ఏ లోటూ రాదు. భర్త కూడా అదే రాయమన్నాడు. మైనమ్మ పెన్ను అందుకుని *ఇప్పుడు మా వారు* అని రాసింది. అక్కడిదాకా వచ్చాక ఆమెకు ఆ చీలిన వేలు కనపడింది, అక్షరం అక్షరం కింద నడుస్తూ. ఈసారి ఇది రాస్తే ఇంక ఆ మనిషి ఎప్పటికీ హుకుమే. ఇదే ఫైల్లో, ఇదే బీరువాలో, తను రిటైరయ్యే దాకా.

రాసిన మూడు మాటలూ కొట్టేసింది. వాటి కింద మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చెయ్యి ఆగలేదు.

*రెండేళ్ళ కిందట నేను రాసిచ్చింది అబద్ధం. మా వారు ఎప్పుడూ వద్దనలేదు. ఆయనకి ఈ సంగతే తెలియదు. మధ్యాహ్నాలు నా కోసం కావాలని నేనే వద్దనుకున్నాను. ఈ రోజు ఆయన నా తప్పు తన మీద వేసుకున్నారు. ఇప్పుడు నాకు పూర్తికాలం పని కావాలి. అడగడానికి మొహం చెల్లకపోయినా అడుగుతున్నాను.*

మేనేజరమ్మ చదివింది. కాగితం దించాక ఆవిడ ముఖం మీద కోపం లేదు. ఎవరో చెంప మీద కొట్టినట్టు తెల్లబోయి ఉంది.

"నేను ఆయన్ని చదువొచ్చా అని అడిగాను" అంది.

"అవును మేడమ్."

"నువ్వు అక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

మేనేజరమ్మ లేచి కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చుంది. "పోయిన ఏడు అరపూట వాళ్ళలో ఒకరిని తీసెయ్యమని పైనుంచి మాటొచ్చింది. నువ్వూ, అచ్చులు పోసే ఆ అమ్మాయీ. పనిలో నీకేం తీసిపోదు ఆ పిల్ల. ఎవర్ని ఉంచాలా అని రెండు రోజులు తెగ ఆలోచించాను. పాపం మైనమ్మకి ఇంట్లో ఆ నరకం, ఈ ఐదు గంటలైనా బయట ఊపిరి పీల్చుకుంటుందని నిన్ను ఉంచాను. ఆ అమ్మాయిని పంపేశాను. ఆరు నెలల గర్భిణి అప్పుడు."

మైనమ్మకి ఆ అమ్మాయి గుర్తుంది. వెళ్ళిపోయే రోజున ప్లాస్టర్ చేతులు కడుక్కోకుండానే వచ్చి, "అక్కా, నువ్వు జాగ్రత్త" అని ఆమెను కావలించుకుని మరీ పోయింది. ఆ రోజు కూడా మైనమ్మ మూడింటికి ఈతకి వెళ్ళింది.

"నాకు తెలియదు మేడమ్" అంది. ఆ మాట ఎంత చిన్నదో అంటుండగానే తెలిసింది.

మేనేజరమ్మ గోడ గడియారం వంక చూసింది. పది నిమిషాల తక్కువ నాలుగు.

"విను. అబద్ధం రాసిచ్చిన వాళ్ళని ఓనరు ఉంచుకోరు. ఇది పంపితే ఫుల్‌టైమ్ మాట దేవుడెరుగు, ఉన్న అరపూట కూడా ఉంటుందో ఉండదో. చింపి ఇంకోటి రాస్తావా? నేను చూడనట్టే ఉంటాను. నీ కోసం కాదు, నీ కూతురి కోసం."

మైనమ్మ ఆ కాగితం అంచు పట్టుకుంది. తొమ్మిది రోజులు. రోజుకి నాలుగు సూదులు. ఎవరి కోసం నిజం చెప్తున్నట్టు ఇప్పుడు? మొగుడి కోసమా, పాపం కడుక్కుందామనా? కడుక్కోవడానికి కూడా కూతుర్నే పణం పెడుతోందా? ఏదీ తేలలేదు. తేలకుండానే చెయ్యి కాగితాన్ని వదిలేసింది.

"పంపండి మేడమ్" అంది.

మేనేజరమ్మ ఇంకోసారి అడగలేదు. కాగితాన్ని స్కానర్‌లో పెట్టి మీట నొక్కింది. పచ్చటి వెలుగు ఒక చివరి నుంచి ఇంకో చివరికి పాకి ఆరిపోయింది.

"బయట వాళ్ళకి నేను చెప్పను. ఆ మనిషికి పేరు పెట్టింది వాళ్ళు, పెట్టించింది నువ్వు. నువ్వే చెప్పు."

మైనమ్మ తలుపు తీసింది. ఐదుగురు ఐదు బల్లల దగ్గర తలలెత్తారు. పాలిష్ అక్క మిషన్ ఆపి, శుభవార్త వినడానికి ముఖం మీది గుడ్డ ముందే కిందికి లాగేసి కూర్చుంది.

"మా ఆయన గురించి మీకు ఒక మాట చెప్పాలి" అంది మైనమ్మ.

వెనకాల గదిలో ఫోను మోగింది. మేనేజరమ్మ గొంతు వినపడింది. "సార్... చదివారా సార్... అవును, ఇక్కడే ఉంది." తర్వాత ఆవిడ గుమ్మంలోకి వచ్చి, ఫోనుని అరచేత్తో మూసి పట్టుకుని, ఎన్నడూ లేనంత మెల్లగా అంది.

"నీతో కాదట. మీ ఆయనతో మాట్లాడతారట. నంబరు ఇవ్వు."